ఆవిరి ఇంజన్ నీళ్ళకు ఆగిన చోటు: లాస్ వేగాస్ మీద మీ ప్రశ్నలు

పోయిన సంచికలో, మా అమ్మాయి దగ్గరికి అమెరికా పోయినప్పుడు లాస్ వేగాస్‌లో మూడు రోజులు ఉన్నానని ఒక్క ముక్క రాశాను. దాని మీదే ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. నేను ముప్పై రెండేండ్లు రైల్వేలో చేశాను, అందులో ఎక్కువ కాలం కాజీపేట జంక్షన్‌లో స్టేషన్ మాస్టర్‌గా. ఏ ఊరికి పోయినా ముందు పట్టాలు ఎటు పోతున్నాయో చూడటం అలవాటు. ఈ జవాబుల్లో కూడా రైలు ఎక్కువగానే వస్తుంది.

*హసన్‌పర్తి నుంచి ఒక డిగ్రీ విద్యార్థి: సార్, ఎడారి మధ్యలో అంత పెద్ద ఊరు ఎట్లా పుట్టింది? మాఫియా వాళ్ళే కట్టారని ఒక వీడియోలో చూశాను. నిజమేనా?*

తమ్మీ, మాఫియా వచ్చేసరికే ఆ ఊరికి నలభై ఏండ్లు. లాస్ వేగాస్ అంటే స్పానిష్‌లో పచ్చిక బయళ్ళు. ఎడారిలో ఒకచోట నేలలోంచి నీళ్ళు ఊరేవి, చుట్టూ గడ్డి పెరిగేది. ఆ ఊటల పక్కన పాయూట్ అనే ఆదివాసులు తరతరాలుగా బతికారు. లాస్ ఏంజెలస్ నుంచి సాల్ట్ లేక్ సిటీకి రైలు మార్గం వేస్తున్నప్పుడు ఆవిరి ఇంజన్లకు నడిమధ్యలో నీళ్ళు కావాలి. ఆ నీళ్ళు అక్కడ దొరికాయి. ఇంజన్‌కు నీళ్ళు పట్టే చోటే స్టేషన్ లేస్తుంది, స్టేషన్ చుట్టూ ఊరు లేస్తుంది. మన కాజీపేట పెరిగిందీ జంక్షన్ వల్లనే కదా.

1905 మే 15న రైల్వే కంపెనీ 110 ఎకరాలను ప్లాట్లు చేసి వేలం వేసింది. రెండు రోజులు, మండే ఎండలో, పట్టాల పక్కనే పాట పాడారు. ఆ రోజునే ఊరు పుట్టినరోజుగా లెక్కిస్తారు. రైలు మార్గం వేయించిన విలియం క్లార్క్ మోంటానా సెనేటర్. ఆ జిల్లాకు నేటికీ ఆయన పేరే, క్లార్క్ కౌంటీ అంటారు.

ఆ తర్వాతి ముచ్చట నన్ను బాగా కదిలించింది. 1922లో రైల్వే వర్క్‌షాపు కార్మికులు సమ్మె చేశారు. తర్వాత కంపెనీ మరమ్మతు షాపులను అక్కడినుంచి వేరే ఊరికి తరలించింది. వర్క్‌షాపు పోతే ఊరికి ఏం మిగులుతుందో, కోచ్ ఫ్యాక్టరీ కోసం దశాబ్దాలు ఎదురుచూసిన కాజీపేటవాళ్ళకు నేను వేరే చెప్పాలా? 1930లో ఆ ఊరి జనాభా 5,165. అక్కడితోనే ఆగిపోవలసిన ఊరు.

దాన్ని నిలబెట్టింది 1931. ఆ సంవత్సరం మార్చి 19న, లాస్ వేగాస్ ఉన్న నెవాడా రాష్ట్రపు గవర్నర్ ఫ్రెడ్ బాల్జర్ జూదాన్ని చట్టబద్ధం చేసే బిల్లు మీద సంతకం పెట్టాడు. అంతకు ముందు 1910 నుంచి ఆ రాష్ట్రంలో జూదం నిషేధమే. అదే ఏడాది ఆరు వారాలు అక్కడ ఉంటే చాలు, విడాకులు ఇచ్చేట్టు చట్టం మార్చారు. సరిగ్గా అప్పుడే ముప్పై మైళ్ళ అవతల కొలరాడో నది మీద హూవర్ డ్యామ్ పని మొదలైంది. దేశమంతా పనుల్లేక అల్లాడుతున్న రోజులు. వేలమంది కూలీలు పెళ్ళాం పిల్లలతో వచ్చి నది ఒడ్డున గుడారాల్లో పడుకున్నారు. 726 అడుగుల ఎత్తు గోడ. అధికారిక లెక్క ప్రకారం 96 మంది ఆ పనిలో చనిపోయారు. 1935 సెప్టెంబర్ 30న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ వచ్చి దాన్ని జాతికి అంకితం చేశాడు. కూలీల కోసం ప్రభుత్వం కట్టిన బౌల్డర్ సిటీలో జూదం నిషేధం, అందుకని జీతం రాగానే వాళ్ళు లాస్ వేగాస్ దారి పట్టేవారు. ఆ ఊరి మొదటి సంపాదనలో సినిమా తారల డబ్బు కంటే ఈ కూలీల డబ్బే నాకు ఎక్కువగా కనబడుతుంది.

ఇక మాఫియా సంగతి. ఇప్పుడు 'స్ట్రిప్' అంటున్న రోడ్డు మీద మొదటి హోటల్ కాసినో, అంటే జూదశాల ఉన్న హోటల్, ఎల్ రాంచో వేగాస్. దాన్ని 1941లో థామస్ హల్ అనే హోటల్ వ్యాపారి తెరిచాడు. మాఫియా మనిషి బగ్సీ సీగెల్ హోటల్ ఫ్లమింగో 1946 డిసెంబర్ 26న మొదలైంది. అది కూడా అతని ఆలోచన కాదు, బిల్లీ విల్కర్సన్ అనే పత్రికాధిపతి మొదలుపెట్టిన కట్టడం సీగెల్ చేతిలోకి పోయింది. ప్రారంభం నాటికి గదులు కూడా తయారు కాలేదు. ఆడటానికి వచ్చినవాళ్ళు గెలిచిన డబ్బు జేబులో వేసుకుని వేరే హోటళ్ళలో పడుకున్నారు. 1947 జూన్‌లో సీగెల్‌ను బెవర్లీ హిల్స్‌లో కిటికీలోంచి కాల్చి చంపారు. మాఫియా డబ్బు తర్వాత చాలా ఏండ్లు అక్కడ ఉంది, అది అబద్ధం కాదు. పునాది మాత్రం వాళ్ళు వేయలేదు.

*గోదావరిఖని నుంచి ఒక బొగ్గు గని ఉద్యోగి: అక్కడ అణుబాంబులు పేలుస్తుంటే టూరిస్టులు చూసేవారట. నమ్మొచ్చా?*

నమ్మండి అన్నా. ఊరికి అరవై అయిదు మైళ్ళ దూరంలో 1951 జనవరి 27న మొదటి బాంబు పేల్చారు. 1962 వరకు ఆకాశంలో, నేల మీద దాదాపు వంద పరీక్షలు జరిగాయి. తెల్లవారుజామున హోటల్ డాబాల మీద నిలబడి జనం ఆ పుట్టగొడుగు మేఘాన్ని చూసేవారు. ధూళి మాత్రం గాలితో తూర్పున యూటా పల్లెల మీదికి పోయింది. క్యాన్సర్ వచ్చిన అక్కడి మనుషులకు పరిహారం ఇచ్చే చట్టం 1990లో గాని రాలేదు.

*కరీంనగర్ నుంచి ఒక రిటైర్డ్ టీచర్: ఆ నగర చరిత్రలో మరచిపోలేని ఘట్టం ఏదంటే మీరు దేన్ని చెప్తారు?*

టీచరమ్మా, నేను రెండు చెప్తాను. జాక్‌పాట్లు వాటిలో ఉండవు.

మొదటిది 1960 మార్చి 26. అప్పటిదాకా సామీ డేవిస్ జూనియర్ లాంటి గొప్ప గాయకులు స్ట్రిప్ హోటళ్ళలో వేదిక మీద పాడి చప్పట్లు కొట్టించుకునేవారు. పాట అయిపోయాక అదే హోటల్లో గది ఇచ్చేవారు కాదు, ఎందుకంటే వాళ్ళు నల్లవాళ్ళు. ఊరి పడమటి వాడలోని పూటకూళ్ళ ఇళ్ళకు పోయి పడుకోవాల్సిందే. 1955 మేలో అందరినీ రానిచ్చే మొదటి హోటల్ కాసినో, మూలాన్ రూజ్, తెరిచారు. ఆర్నెల్లు తిరగకముందే మూతపడింది. అయిదేండ్ల తర్వాత, జేమ్స్ మెక్‌మిలన్ అనే నల్లజాతి పంటి డాక్టర్ నాయకత్వంలో, హోటళ్ళు తలుపులు తెరవకపోతే స్ట్రిప్ మీద ఊరేగింపు చేస్తామని గడువు పెట్టారు. ఊరేగింపు అంటే వ్యాపారం దెబ్బ తింటుంది. మూతపడిన ఆ హోటల్లోనే పెద్దలంతా కూర్చుని ఒప్పందానికి వచ్చారు, స్ట్రిప్ హోటళ్ళు అందరికీ గదులు ఇవ్వడం మొదలుపెట్టాయి. ఊరి పెద్దబావి దగ్గరికి ఎవరు రావచ్చో ఎవరు రాకూడదో చూసి పెరిగినవాణ్ణి నేను. ఈ కథ చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

రెండోది 1980 నవంబర్ 21, ఎంజీఎం గ్రాండ్ హోటల్ అగ్నిప్రమాదం. రైల్వేలో మాకు ట్రైనింగ్‌లో మొదటి రోజే చెప్పేవారు, పుస్తకంలోని ప్రతి రూల్ వెనకా ఒక ప్రమాదం ఉంటుందని. ఈ ప్రమాదం గురించి చదువుతుంటే ఆ మాటే చెవిలో మోగింది.

ఇరవై ఆరు అంతస్తుల హోటల్. లోపల అయిదు వేలమంది దాకా ఉన్నారు. తెల్లవారి ఏడు దాటాక కాసినో పక్కనున్న ఒక రెస్టారెంట్ గోడలో కరెంటు తీగ నుంచి మంట లేచింది. అక్కడ స్ప్రింక్లర్లు, అంటే మంట వేడికి తామే నీళ్ళు చల్లే గొట్టాలు, లేవు. ఎందుకు లేవంటే, ఆ రెస్టారెంట్ ఇరవై నాలుగ్గంటలూ తెరిచే ఉంటుంది కాబట్టి మంట వస్తే ఎవరో ఒకరు చూస్తారని మినహాయింపు ఇచ్చారు. తర్వాత రాత్రిపూట దాన్ని మూయడం మొదలుపెట్టారు, మినహాయింపు మాత్రం అట్లాగే ఉండిపోయింది. నిమిషాల్లో కాసినో అంతా అంటుకుంది. చనిపోయినవాళ్ళు 85 మంది, వాళ్ళలో ఎక్కువమందిని మంట తాకనే లేదు. లిఫ్టు గుంతల్లోంచి, మెట్లదారుల్లోంచి పొగ పై అంతస్తులకు ఎక్కింది. మెట్లదారిలోకి పోయినవాళ్ళ వెనక తలుపు పడిపోతే మళ్ళీ లోపలికి రావడానికి లేదు. అలారం మోగలేదు. కప్పు మీదికి చేరినవాళ్ళను హెలికాప్టర్లు దించాయి.

మూడు నెలలు తిరగకముందే, 1981 ఫిబ్రవరిలో, హిల్టన్ హోటల్లో ఇంకో మంట, ఇంకో ఎనిమిది ప్రాణాలు. అప్పుడు నెవాడా రాష్ట్రం పాత ఎత్తైన హోటళ్ళు కూడా స్ప్రింక్లర్లు పెట్టి తీరాలని చట్టం చేసింది. నేను ఆ ఊళ్ళో దిగిన గదిలో మంచం మీద పడుకుని చూస్తే గోడ పైభాగాన చిన్న ఇత్తడి ముక్క కనబడింది. దాన్ని చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

హనుమకొండలో, వరంగల్‌లో ఇప్పుడు అయిదారు అంతస్తుల ఫంక్షన్ హాళ్ళు, ఆసుపత్రులు, కోచింగ్ సెంటర్లు ఎన్ని లేచాయో చూస్తున్నారు కదా. మొన్న ఒక పెళ్ళికి పోతే వెనక మెట్లదారిలో కుర్చీలు, టెంటు సామాను పేర్చి పెట్టి తలుపుకు తాళం వేశారు. నేను మేనేజర్‌ను పిలిచి తాళం తీసేదాకా అన్నం దగ్గర కూర్చోలేదు. మీరూ అడగండి. పెళ్ళివాళ్ళు ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు.

*జమ్మికుంట నుంచి ఒక గృహిణి: మా ఆయన ఆఫీసు పని మీద అమెరికా పోతున్నారు, లాస్ వేగాస్ కూడా చూస్తారట. రౌలెట్ ఆటలో ఓడిన ప్రతిసారీ పందెం రెట్టింపు చేస్తే చివరికి గెలుపే అని ఎవరో వాట్సాప్‌లో పంపారు. ఆయన నమ్ముతున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది.*

చెల్లెమ్మా, ఈ లెక్క మీ ఆయన ముందు పెట్టు. రౌలెట్ అంటే చక్రం తిప్పి, గోళీ ఏ గడిలో ఆగుతుందో పందెం కాసే ఆట. అక్కడి చక్రంలో ఎక్కువగా 38 గడులు ఉంటాయి. 18 ఎరుపు, 18 నలుపు, రెండు పచ్చ సున్నాలు. ఒక అంకె మీద వంద పెట్టి గెలిస్తే లాభం 3,500. ముప్పై ఎనిమిది సార్లు వంద చొప్పున పెట్టి, న్యాయంగా ఒక్కసారి గెలిచావనుకో. పెట్టింది 3,800, చేతికొచ్చేది 3,600. ఆ రెండు వందలతోనే అక్కడ ఇంద్రభవనాలు కట్టారు. ఇందులో మోసమేమీ లేదు, చక్రంలోనే ఉంది లెక్క.

ఇక రెట్టింపు కిటుకు. వందతో మొదలుపెట్టి వరుసగా ఎనిమిదిసార్లు ఓడితే పోయింది 25,500. తొమ్మిదోసారి 25,600 పెట్టాలి, గెలిస్తే మిగిలేది ఒక్క వంద. పైగా ప్రతి బల్ల దగ్గరా ఇంతకు మించి పెట్టరాదని హద్దు ఉంటుంది, కాబట్టి రెట్టింపు ఎక్కడో ఒకచోట ఆగిపోతుంది.

ఈ లెక్క నాకు పుస్తకంతో రాలేదు. మా చిన్నాయన కొడుకు పరకాల దగ్గర మామిడితోటలో పత్తాలాడేవాడు. దీపావళికి సరదాగా మొదలైంది. నైట్ డ్యూటీలో నా దగ్గరికి స్టేషన్‌కు వచ్చి, "పొద్దున ఇస్తా అన్నా" అని అయిదు వందలు తీసుకుపోయేవాడు. నేను ఇచ్చాను, చాలాసార్లు ఇచ్చాను. రెండెకరాల చెలక పోయింది. వాడి భార్య పిల్లలను తీసుకుని తల్లిగారింటికి పోయిన రోజు ప్లాట్‌ఫారం మీద ఆమెకు టికెట్ తీసి ఇచ్చింది నేనే. ఆ అయిదు వందలు ఇవ్వకుండా ఉండాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది. మన రాష్ట్రంలో డబ్బు పెట్టి ఆన్‌లైన్ రమ్మీ ఆడటాన్ని కూడా 2017లోనే నిషేధించారు. మీ ఆయనను ఊరు చూసి రమ్మను, బెల్లాజియో హోటల్ ముందు ఫౌంటెన్లు చూడటానికి పైసా అక్కర్లేదు.

*ములుగు నుంచి ఒక రైతు: ఆ ఫౌంటెన్లకు, అన్ని హోటళ్ళకు ఎడారిలో నీళ్ళు ఎక్కడివి?*

తొంభై శాతం నీళ్ళు హూవర్ డ్యామ్ వెనకున్న లేక్ మీడ్ జలాశయం నుంచే. ఊరిని పుట్టించిన ఊటలు మాత్రం తోడగా తోడగా 1962లో ఎండిపోయాయి. 2022లో జలాశయం కూడా 1937 తర్వాత ఎన్నడూ లేనంత కిందికి దిగింది. అయితే ఒకటి ఒప్పుకోవాలి. అక్కడ ఇళ్ళలో, హోటళ్ళలో మోరీలోకి పోయే నీటిని దాదాపు అంతా శుద్ధి చేసి మళ్ళీ అదే జలాశయంలోకి పంపుతారు. అందం కోసం తప్ప ఎవరూ అడుగు పెట్టని పచ్చిగడ్డిని పీకేయాలని 2021లో చట్టం తెచ్చారు. బెల్లాజియో ఫౌంటెన్లకు అక్కడి పాత గోల్ఫ్ మైదానం బావి నీళ్ళే వాడతారు. మీ ములుగులో రామప్ప చెరువు ఎనిమిది వందల ఏండ్లుగా పంటలకు నీళ్ళిస్తోంది. ఈ రెండు ఊళ్ళనూ పక్కపక్కన పెట్టి చూడాలని నాకూ ఉంది, వచ్చే నెల వివరంగా రాస్తాను.

*కాజీపేట రైల్వే కాలనీ నుంచి పాత సహోద్యోగి: అన్నా, ఇంతకూ అక్కడి స్టేషన్ ఎట్లా ఉంది?*

లేదు తమ్మీ. వేలం జరిగిన పాత స్టేషన్ స్థలంలో 1971 నుంచి ప్లాజా అనే హోటల్ ఉంది. ఆ ఊరికి ప్యాసింజర్ రైలు 1997లో ఆగిపోయింది, గూడ్సు బండ్లు మాత్రం నడుస్తున్నాయి. నేను ఆ హోటల్ వెనక్కి పోయి పట్టాలు చూసి వచ్చాను. మరుసటి రోజు మా అమ్మాయి బౌల్డర్ సిటీకి తీసుకుపోయింది. డ్యామ్‌కు సామాను మోయడానికి 1931లో వేసిన లైను మీద అక్కడి రైల్వే మ్యూజియం వాళ్ళు శని, ఆదివారాలు బండి నడుపుతారు. గార్డు నన్ను ఏం పని చేసేవాడివని అడిగాడు. చెప్పాను. టోపీ తీసి చేయి కలిపాడు. లాస్ ఏంజెలస్ వైపు నుంచి హైస్పీడ్ రైలు కోసం 2024 ఏప్రిల్‌లో పని మొదలుపెట్టారు. అది నడిచే రోజుకు నేను ఓపికగా ఉంటే మళ్ళీ పోతాను, ఈసారి నువ్వు కూడా రా.