మోటార్‌హోమ్ వెనుక మోటార్‌సైకిల్

ప్రశ్న: మేము టెక్సాస్‌లో ఉంటున్నాం. మోటార్‌హోమ్‌లో కొలరాడో వెళ్లేటప్పుడు 195 కిలోల క్లాసిక్ 350 బుల్లెట్టును వెనుక హిచ్‌కు (ట్రైలరు తగిలించే కొక్కేనికి) బిగించే స్టాండు మీద తీసుకెళ్లవచ్చునా, లేక ట్రైలరు కొనవలసిందేనా?

జవాబు: హిచ్ మోయగలిగినంత మాత్రాన సరిపోదు. స్టాండుతో కలిపి బరువు 240 కిలోలని, మోటార్‌హోమ్ ఇరుసుల మధ్య దూరం 5 మీటర్లని, దాని వెనుక ఇరుసుకు 3 మీటర్ల ఆవల బుల్లెట్టు నిలుస్తుందని అనుకుంటే, ఆ బరువు ముందు భాగాన్ని మీటలా పైకెత్తడం వల్ల వెనుక ఇరుసు మీద 384 కిలోలు పెరిగి, ముందు ఇరుసు మీద 144 కిలోలు తగ్గుతాయి. ముందు చక్రాలు తేలికపడితే స్టీరింగు పట్టు సడలుతుంది. కొండదారుల్లో అది ప్రాణాల మీదికి తెస్తుంది. అందువల్ల నీళ్లు నింపి, సామాను సర్ది, ఇంటిల్లిపాదీ ఎక్కిన తర్వాత, ట్రక్ స్టాపులోని కాటా మీద ఇరుసుల వారీగా తూకం వేయించి, తయారీదారు పేర్కొన్న పరిమితులతో తప్పక పోల్చుకోండి. ఏ ఒక్కటి మించినా ట్రైలరే మేలు, ఎందుకంటే దాని బరువులో సాధారణంగా 10 నుంచి 15 శాతమే హిచ్ మీద పడుతుంది. ఏ పద్ధతి ఎంచుకున్నా బండిని నాలుగు పట్టీలతో కట్టి, మొదటి 50 మైళ్లలోపే ఒకసారి ఆగి, వాటి బిగువు చూడండి.