మన ఉడుతా గోరింకా ఒకే తూకం

చి. సౌ. బిడ్డకు,

ఆశీస్సులు. దేవరకొండ ఇంట్లో పిట్టగోడ మీద పిట్టలకని పెట్టిన డబ్బాను ఉడుతలు మూడు రోజుల్లో కొరికి పారేశాయని రాశావు. ఫోటో చూశాను. తప్పు ఉడుతది కాదు, డబ్బాది. ఉడుత ఎక్కగానే మూత పడే ఆ స్ప్రింగు డబ్బాలు అమెరికా, ఇంగ్లాండుల్లో తిరిగే అరకిలో బూడిదరంగు ఉడుత కోసం పుట్టినవి. మన చారల ఉడుత వంద గ్రాములు, కొంచెం అటూ ఇటూ. గోరింకా అంతే తూగుతుంది, రామచిలుకైతే ఇంకాస్త ఎక్కువే. ఉడుతకు మూత పడేలా స్ప్రింగు సర్దితే గోరింకకూ పడుతుంది. జాలీ కట్టినా లాభం లేదు, పిచ్చుక హాయిగా దూరే సందు మన ఉడుతకూ దారే. అందుకని బరువుతోనూ సందుతోనూ ఆపే ఆలోచన మానెయ్. అది ఎక్కే దారి తీసేసి, దాని వాటా దానికి వేరే చోట పెట్టు.

ముందు పిట్టగోడ మీద నుంచి తీసెయ్. పేరుకు పిట్టగోడే కానీ ఉడుతకు అది రోడ్డు. పెరట్లో నిలువు పైపు పాతించు. అంగుళం జీఐ పైపు, అదే జస్తా పూత ఇనుప పైపు, ఎనిమిది అడుగుల ముక్క చాలు. రెండడుగులు భూమిలో పాతి కంకర, సిమెంటు పోయించు, పైకి ఆరడుగులు మిగులుతుంది. కొసన అడుగున్నర చదరపు చెక్క పళ్లెం పెట్టించు. చుట్టూ అంగుళం ఎత్తు అంచు, నాలుగు మూలలా నీరు కారేందుకు చిన్న రంధ్రాలు ఉండాలి. రంధ్రాలు మరిచిపోతే ఒక్క వానకే గింజ ఉబ్బి పులుస్తుంది.

ఇక ఉడుత పైకి ఎక్కకుండా ఈ పైపుకు వేసే తొడుగు. డ్రైనేజీకి వాడే 160 మి.మీ. పీవీసీ పైపు రెండడుగుల ముక్క, ఒక ఎండ్ క్యాప్ కొను. క్యాప్ మధ్యలో 35 మి.మీ. రంధ్రం కొట్టించు. అంగుళం పైపు అంటారు గానీ దాని బయటి కొలత 33, 34 మి.మీ. ఉంటుంది, అంగుళం రంధ్రం కొడితే దిగదు. క్యాప్ పైకి వచ్చేలా తొడుగును జీఐ పైపుకు ఎక్కించు. అది జారిపోకుండా క్యాప్ సరిగ్గా ఆనే చోట ఒక క్లాంపు బిగించు. తొడుగు అడుగు మూతి నేలకు మూడడుగుల ఎత్తున ఉండాలి, కింద తెరిచే ఉంచు. ఉడుత సన్న పైపు పట్టుకుని ఎక్కి తొడుగులో దూరుతుంది, పైన మూత తగిలి తిరిగి దిగుతుంది. బయటి వైపు నుంచి ఎక్కుదామంటే పీవీసీ నున్నన, గోరు పట్టదు. పళ్లెం బిగించాక తొడుగు గుర్తొస్తే పని మళ్లీ మొదటికే వస్తుంది, అందుకే మేస్త్రీకి ముందే చెప్పు. ఇక చెడేది రెండు చోట్ల. క్యాప్ దగ్గర బొటనవేలంత సందు మిగిలితే అందులోంచి వస్తుంది. తొడుగు మరీ కిందికి జారితే నేల మీద నుంచే దాని పైకి దూకుతుంది.

పైపు చుట్టూ ఎనిమిది అడుగుల దాకా గోడ, జామకొమ్మ, బట్టలారేసే తీగ ఏవీ ఉండొద్దు. నెత్తి మీద కొమ్మ ఉంటే ఎంత తొడుగు పెట్టినా పైనుంచి రాలినట్టు పళ్లెంలో దిగుతుంది. వేలాడదీసేవి ఏమైనా ఉంటే నైలాన్ తాడు వద్దు, కొరికేస్తుంది. కట్టుతీగ వాడు.

పైపుకు గ్రీజు పూయమని ఎవరో చెప్పారన్నావు. పూయకు. అది పిట్ట ఈకలకంటితే పోదు, ఈకలు అతుక్కుపోయి ఎగరలేదు. ఎలుకల జిగురు అట్టలూ, ఎలుకల మందూ మాటే ఎత్తొద్దు. ఆ మందు తిన్న ఎలుకను పట్టిన గుడ్లగూబా, పిల్లీ కూడా పోతాయి. కారం సంగతి అడిగావు. మిరప ఘాటు పిట్ట నోటికి తెలియదు, ఉడుతకు మండుతుంది, అది నిజమే. కానీ మన వైపు గాలికి పొడి కారం లేచి ముందు నీ కళ్లలోనే పడుతుంది. నా మటుకు నాకు అది నచ్చని పని.

ఉడుత వాటా పెరటి వెనక వేపచెట్టు మొదట్లో పెట్టు, పైపుకు పాతిక అడుగులైనా దూరంలో. పిట్టలకు గింజ వేయకముందే వేయాలి. పొట్టుతో ఉన్న పచ్చి పల్లికాయలు ఐదారు, ఒక కొబ్బరి ముక్క చాలు. పొట్టు ఉంటే ఒలుచుకుంటూ కూర్చుంటుంది, నీకు తీరిక దొరుకుతుంది. ఉప్పు పల్లీలు పెట్టొద్దు. తేమ తగిలి బూజు పట్టిన పల్లీల్లో విషం ఉంటుంది, వాటిని పారెయ్.

పిచ్చుకలకు రెండు పాళ్లు సజ్జలు, ఒక పాలు కొర్రలు, ఒక పాలు నూకలు కలుపు. పచ్చి బియ్యం తింటే పిట్ట పొట్ట పగులుతుందన్నది ఒట్టి మాట. గువ్వలు పళ్లెం మీద కంటే నేల మీదే తింటాయి, వాటికి గుప్పెడు జొన్నలు చల్లు. పిగిలిపిట్టకు, కోయిలకు, గోరింకకు పండు కావాలి. జామ, బొప్పాయి, కాలం వస్తే పగిలిన బాలానగర్ సీతాఫలం సగం చెక్క పెట్టు. తేనెపిట్టకు చక్కెర నీళ్లు అక్కర్లేదు, మందారం, దానిమ్మ ఉంటే అదే వస్తుంది. కోతలప్పుడు రెండు గుప్పిళ్ల వరి కంకులు కుచ్చుగా కట్టి చూరుకు వేలాడదీయి, పిచ్చుక తలకిందులుగా వేలాడి ఒక్కో వడ్లగింజ ఒలుచుకు తినడం చూడొచ్చు. పిల్లలకు మాత్రం అది పురుగులే తెచ్చి పెడుతుంది, కాబట్టి పిట్టలు రావాలంటే చెట్లకు మందు కొట్టడం ఆపాలి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా. విత్తగా మిగిలిన జొన్న, మక్క విత్తనం తెచ్చి వేయకు. గులాబీ, ఎరుపు, నీలం రంగున్న గింజ మందు పట్టించిన గింజ. కడిగితే పోదు. పురుగు పట్టకుండా మందు బిళ్లలు పెట్టిన బస్తాలోని గింజ కూడా వద్దు. కిరాణా కొట్లో మనుషులు తినే గింజే కొను.

పొద్దుగాల ఒక్క పిడికెడుతో మొదలుపెట్టు. రెండు గంటల్లో అయిపోయేంతే వేయాలి. సాయంత్రానికి మిగిలితే మరునాడు తగ్గించు, రాత్రికి పళ్లెం, కింద నేల ఖాళీగా ఉండాలి. మిగిలిన గింజకు ఎలుక వస్తుంది, ఎలుక వెనక పాము వస్తుంది. పళ్లెం వారానికోసారి సబ్బు, వేడినీళ్లతో రుద్ది ఎండలో పెట్టు. ఏ పిట్టయినా ఈకలు ఉబ్బించుకుని ముడుచుకు కూర్చుంటే రెండు వారాలు గింజ ఆపెయ్, గుంపుగా తినే చోటే జబ్బు అంటుతుంది. మీ అత్తమ్మ కోళ్ల గూడు ఈ పైపుకు దూరంగా ఉండాలి, కొక్కెర తెగులు లాంటివి పిట్టల రెట్టల నుంచి కోళ్లకు రావచ్చు.

మార్చి నుంచి జూన్ దాకా గింజ కంటే నీళ్లే ముఖ్యం. వెడల్పు మట్టి మూకుడు, లోతు రెండంగుళాలు మించొద్దు, మధ్యలో కొస నీటిపైకి ఉండేలా ఒక గరుకు రాయి. నీడలో పెట్టు, ప్లాస్టిక్ గిన్నె మధ్యాహ్నానికి కాగిపోతుంది. రోజూ నీళ్లు పారబోసి కొబ్బరి పీచుతో అంచులు రుద్దు. డెంగీ దోమ గుడ్లు నీటిలో కాదు, నీటి గీత దగ్గర గోడకు అంటుకుని ఉంటాయి, పారబోసినంత మాత్రాన పోవు. ఉడుతలకు వేపచెట్టు కింద ఇంకో మూకుడు పెట్టు. బత్తాయి తోటల్లో ఉడుతలు డ్రిప్పు పైపులు కొరికేది ఎక్కువగా ఎండకాలం దప్పికకే, నీ పెరటి పైపులకూ ఆ గతి పట్టొద్దు.

ఇక చూడటం. పదిహేను, ఇరవై అడుగుల దూరంలో రోజూ ఒకే చోట, ఒకే వేళకు కూర్చో. వారానికి నిన్ను లెక్కచేయడం మానేస్తాయి. గొంతు కింద నల్ల మచ్చ ఉంటే మగ పిచ్చుక. మెడకు పట్టీ లేని రామచిలుక ఆడదో, ఇంకా పట్టీ రాని పిల్లో. నల్లదీ, గోధుమరంగు చుక్కలదీ వేరు పిట్టలనుకోకు, రెండూ కోయిలలే, చుక్కలది ఆడది. తేదీ, వేళ, ఎన్ని వచ్చాయి, ఏం తిన్నాయి, నోటుబుక్కులో రాసిపెట్టు. ఫిబ్రవరిలో గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అని నాలుగు రోజులు లెక్క జరుగుతుంది, పదిహేను నిమిషాలు కూర్చుని రాసిన లెక్క కూడా తీసుకుంటారు.

ఉడుత అరుపు కూడా నేర్చుకో. కొమ్మ మీద తోక ఎగరేస్తూ ఒకే లయలో ఆపకుండా చిక్ చిక్‌మంటే కింద పిల్లో పామో ఉన్నట్టు. అప్పుడు పళ్లెం మీద పిచ్చుకలు గింజ వదిలి తలెత్తుతాయి. దాన్ని పూర్తిగా తరిమేస్తే ఈ కాపలా పోతుంది.

అన్నట్టు, అల్లుడి బండి అద్దాన్ని పిగిలిపిట్ట రోజంతా పొడుస్తోందని రాశావు. గూడు కట్టే కాలంలో తన నీడను ఇంకో పిట్ట అనుకుని కొట్లాడుతుంది, పొడిచి పొడిచి నీరసపడుతుంది. బండి నిలిపినప్పుడు రెండు అద్దాలకూ పాత సాక్సులు తొడగమను.

మీ పెద్దనాయిన