అడవిపందులకు కరెంటు తీగ వద్దు, నష్టం మాత్రం రాయించుకోండి

ప్రశ్న: మాది నల్లమల అంచున ఉన్న ఊరు. మూడెకరాలు కౌలుకు తీసుకుని రబీ వేరుశనగ వేశాను. కాయ ఊరే దశలో ఉంది. రాత్రయితే అడవిపందులు గుంపుగా వచ్చి చేనంతా తవ్విపోస్తున్నాయి. కరెంటు తీగ పెట్టమని పక్క చేలవాళ్లు అంటున్నారు. పట్టా నా పేరున లేదు కాబట్టి పరిహారం కూడా రాదంటున్నారు. ఏం చేయాలి?
– ఒక కౌలు రైతు

జవాబు: తీగ మాట మర్చిపోండి. దానికి పందేదో, పులేదో, తెల్లారుజామున నీళ్లు కట్టడానికొచ్చే మనిషెవరో తెలియదు. మీ పక్కనున్నది నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం, దేశంలోనే అతి పెద్దది. పందుల వెనకాలే పులి, చిరుత వస్తాయి. పులి చనిపోతే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద 3 నుంచి 7 ఏళ్ల జైలు. సలహా ఇచ్చినవాళ్లు ఆ రోజు కనిపించరు.

పందికి చూపు తక్కువ, వాసన పసిగట్టడం ఎక్కువ. ఉపాయమంతా అక్కడే ఉంది. చేను చుట్టూ గట్టు బయట కర్రలు పాతి, కొబ్బరి తాడు అడుగు ఎడంతో మూడు వరసలు కట్టండి. గంధకం పొడిని ఊరపంది కొవ్వు నూనెలో కలిపి తాడుకు బాగా పట్టించండి. వాసన తగ్గగానే మళ్లీ పూయాలి. క్షౌరశాల నుంచి తెచ్చిన వెంట్రుకలను అవి వచ్చే దారుల్లో పలచగా చల్లితే, ముట్టెతో నేల వాసన చూసేటప్పుడు ముక్కులోకి వెళ్లి చికాకు పెడతాయి. ఏదైనా కొన్నాళ్లే. పందులు తొందరగా అలవాటు పడతాయి కాబట్టి పద్ధతి మారుస్తూ ఉండాలి. కొందరు ఫోరేట్ అనే పురుగుమందు గుళికలు కట్టమంటారు. ఆ మందు నిషేధంలో ఉంది, జోలికి పోవద్దు.

వచ్చే రబీలో వేరుశనగతో పాటే చుట్టూ నాలుగు వరసలు ముళ్ల కుసుమ వేయండి. ఇప్పుడు వేసి లాభం లేదు. సోలార్ కంచె బాగా పనిచేస్తుంది కానీ కౌలుదారు ఒక్కడికి బరువు. పది చేలవాళ్లు కలిసి అడవి వైపు ఒకే కంచెగా వేసుకోవాలి. కింది తీగ అడుగు ఎత్తు దాటకూడదు, గడ్డి తగలకూడదు. నేరుగా మెయిన్ కరెంటు మాత్రం ఇవ్వొద్దు.

ఇక పరిహారం. అడవి బతకాలని అందరూ కోరతారు, దాని ఖర్చు మాత్రం అంచున సాగుచేసే మీలాంటివాళ్లే మోస్తున్నారు. అందుకే పరిహారం అడగడానికి మొహమాటం అక్కర్లేదు. పట్టా లేని కౌలుదారుకు ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం ప్రకారం 11 నెలలకు సీసీఆర్‌సీ కార్డు (పంట సాగుదారు హక్కు పత్రం) ఇస్తారు. యజమాని ఒప్పుకోవాలి, చిక్కంతా అక్కడే. పొలం హక్కుకు దీంతో సంబంధం లేదని, ఇది పంట వరకేనని ఆయనకు చెప్పండి. వినకపోతే రైతు సేవా కేంద్రం సిబ్బందిని వెంటబెట్టుకుని వెళ్లండి.

కేంద్ర పంటల బీమా పథకమైన ఫసల్ బీమాలో అడవి జంతువుల నష్టాన్ని 2026 ఖరీఫ్ నుంచి చేరుస్తున్నట్లు కేంద్రం ప్రకటించింది. ఏ జంతువులు, ఏ ప్రాంతాలన్నది రాష్ట్రం నోటిఫై చేయాలి. మీ మండలం ఉందో లేదో ముందే కనుక్కోండి. నష్టం జరిగిన 72 గంటల్లోపు పంటల బీమా యాప్‌లో ఫొటోలతో తెలపాలి.

ఇప్పటి నష్టానికి అటవీ సెక్షన్ ఆఫీసులో రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. గుంతలు, గిట్టల గుర్తులు, కొరికిన కాయలు ఫొటో తీయండి. అధికారులు వచ్చి చూసేదాకా ఆ చెక్క దున్నొద్దు.