పంది కాలేయంలో పోర్టల్ సిర మూయడానికి జిగురు మేలా, జెలటిన్ స్పాంజి మేలా?

జిగురే. పేగుల నుంచి కాలేయానికి రక్తం తెచ్చే ఈ సిరలో, కోసి తీసేయబోయే వైపు కొమ్మలను మూస్తే మిగిలే వైపు పెరుగుతుంది; మూసేది అందుకే. స్పాంజి, పీవీఏ అనే ప్లాస్టిక్ రేణువులు, లోహపు చుట్టలు, జిగురు అన్నింటికీ మార్కులు వేయమని అడిగారు గానీ, నేను రేడియాలజిస్టును కాను. ప్రయోగశాలలో పందులకు మత్తు ఇచ్చిన పశువైద్యుణ్ణి. సిర మూసేది వాళ్లు, ఆ తర్వాత నెల రోజులు ఆ జంతువును సాకేది మేము.

మత్తు కోసం పంది శ్వాసనాళంలోకి గొట్టం వేయడం దగ్గరే మాకు చెమటలు పట్టేవి. స్వరపేటిక ఇరుకు, కాస్త తగిలినా బిగుసుకుపోతుంది. పరిశోధన పత్రాల్లో ఆ కష్టానికి ఒక్క వాక్యం కూడా దక్కదు.

జిగురు వాడే రోజు గదిలో అందరికీ భయమే. ఎన్‌బీసీఏ అనే ఆ జిగురుకు రక్తం తగిలినా, సెలైన్ తగిలినా గడ్డకడుతుంది. అందుకని బల్ల మీది సెలైన్ గిన్నెలు తీయించి, చేతి తొడుగులు మార్పించి, జిగురు పంపే సన్న గొట్టమైన క్యాథెటర్‌ను 5 శాతం డెక్స్ట్రోజ్‌తో కడిగేవారు. జిగురులో కలిపే లిపియోడాల్ అయోడిన్ పట్టించిన గసగసాల నూనె. అది ఎక్కువైతే జిగురు ఆలస్యంగా గట్టిపడి దూరం పోతుంది, తక్కువైతే క్యాథెటర్ కొనకే అంటుకుంటుంది. ఒకరోజు సిర మూస్తున్న పెద్ద రేడియాలజిస్టు "డాక్టరు గారూ, వెంటిలేటర్ ఆపండి" అన్నారు. బొమ్మ కదలకూడదు కదా. తెర మీద కొమ్మలన్నీ నల్లగా నిండాయి. క్యాథెటర్ లాగితే రాలేదు. ఆయన తెరనే చూస్తున్నారు, నేను పడిపోతున్న ఆక్సిజన్ అంకెను చూస్తున్నాను. రెండోసారి లాగితే ఊడి వచ్చింది. నేను అడగకుండానే వెంటిలేటర్ మీట వేసేశాను.

తర్వాతి పందికి స్పాంజి. కత్తెరతో ముక్కలు చేసి, రంగు మందుతో రెండు సిరంజిల మధ్య అటూ ఇటూ తోసి నలిపి పంపారు. ఎవరికీ కంగారు లేదు. ఆ రోజు తీసిన ఎక్స్-రే జిగురుదానికి ఏమాత్రం తీసిపోలేదు. నాలుగు వారాల తర్వాత స్కాన్ చేస్తే స్పాంజి కరిగి కొమ్మలు తెరుచుకున్నాయి, మూయని వైపు అంతంతమాత్రంగా పెరిగింది. జిగురు పెట్టింది మూసినట్టే ఉంది. ధమనిలో అయితే స్పాంజి తెరుచుకోవడం ఒక్కోసారి మంచిదే, కణితికి మళ్లీ మందు పంపవచ్చు. పోర్టల్ సిరలో అది పనికిరాదు.

1990లో జపాన్ సర్జన్ మసతోషి మకూచి బృందం శస్త్రచికిత్సకు ముందు రోగుల్లో ఈ సిరను మూసిన అనుభవాన్ని ప్రచురించింది. అక్కడ పెరగాల్సింది మిగిలే కాలేయం. పందుల్లో ఆ కొలతే గందరగోళం. ఎదిగే వయసు పంది నెలలో కళ్లముందే బరువెక్కుతుంది, దానితోపాటు కాలేయమూ పెరుగుతుంది. ఆ ఘనతనంతా పదార్థం ఖాతాలో వేసేస్తారు! పైగా ఆ కాలేయం నిక్షేపంలా ఉంటుంది, కీమోతో దెబ్బతిన్న మనిషి కాలేయంలా కాదు. మొత్తం కాలేయంలో మిగిలే భాగం ఎంత శాతమో, స్కాన్ ఏ వారంలో తీశారో చెప్పని పోలికలను నేను చదవడం మానేశాను.