నిలదీయవలసింది అమ్మను కాదు

ప్రశ్న: అవ్నీ దోషి రాసిన ‘బర్న్‌ట్ షుగర్’ నవల చదివినప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. చిన్నప్పుడు నన్ను అమ్మమ్మ దగ్గర వదిలి, తమ్ముణ్ణి మాత్రం తన దగ్గరే పెంచుకున్న అమ్మ ఇప్పుడు మతిమరుపు జబ్బుతో నా ఇంట్లో ఉంటోంది. షుగర్ ఉందని తెలిసీ, మిఠాయి అడిగితే పెట్టేస్తున్నాను. తమ్ముడు పండగకు వచ్చి చూసి వెళ్తాడు. ఇల్లు, పొలం వాడికే రాసిచ్చారు. నాకు వాటి మీద ఆశ లేదు. నన్నెందుకు వదిలేశావని, ఆమెకు జ్ఞాపకం పూర్తిగా పోకముందే అడగాలా?
– ఒక సోదరి, విజయవాడ

జవాబు: అడగవద్దు. ఈ జబ్బు ముదురుతున్న మనిషి ఈ రోజు ఒక కారణం చెప్పి, రేపు మరొకటి చెప్పి, ఎల్లుండి అసలు అలాంటిదేమీ జరగలేదంటే, వాటిలో దేన్ని నమ్మి మీరు మనసు కుదుటపరచుకుంటారు?

మన దేశంలో 2019లో ‘గర్ల్ ఇన్ వైట్ కాటన్’గా వెలువడి, 2020లో బుకర్ బహుమతి తుది జాబితాకు చేరిన ఆ నవలలో కథ చెప్పే కూతురు అంతర పడే యాతన ఇదే. కాపురం విడిచి పుణేలో ఒక ఆశ్రమానికి చేరి, గురువు ధ్యాసలో కన్నబిడ్డనే పట్టించుకోని తల్లి తార, తాను చేసినవన్నీ మరిచిపోతూ ఉంటే, ఆ జ్ఞాపకాలను మోస్తూ కూతురు ఒక్కతే మిగిలిపోతుంది. తల్లి బాధ తనకెన్నడూ ఆనందమివ్వలేదంటే అబద్ధమవుతుందని మొదట్లోనే ఒప్పుకునే ఆ కూతురిలో మిమ్మల్ని మీరు చూసుకుని భయపడ్డారు. అలాంటి ఆలోచన వచ్చినంత మాత్రాన మీరు చెడ్డవారు కారు. మిఠాయి సంగతి మాత్రం వేరు. తల్లికి చక్కెర హాని చేస్తుందని నమ్మిన అంతరే చివరికి తన చేతులతో పెడుతుంది. మీరు ఈ రోజే మానేయండి, ఇన్నాళ్లూ పెట్టిన విషయం డాక్టరుకు దాచకుండా చెప్పండి.

ఇక, మీరు రెండు వాక్యాల్లో తేల్చేసిన తమ్ముడి దగ్గరే అసలు చిక్కు ఉంది. ఎప్పటికైనా అమ్మ ‘నా కూతురే మేలు’ అంటుందన్న ఆశతో వాడినేమీ అడగకుండా భారమంతా మీరే మోస్తున్నారనీ, వాడి మీద చూపలేని కోపమే అమ్మ కంచంలోకి మిఠాయిగా చేరుతోందనీ నాకనిపిస్తోంది. అంతరకు తల్లి భారం పంచుకునే తోబుట్టువు లేదు, మీకున్నాడు. కన్నవారిని చూసుకోవడం బిడ్డల ధర్మమే, అందులో నాకు సందేహం లేదు. అయితే పొలం కొడుక్కి, చాకిరీ కూతురికి అన్న పంపకాన్ని ధర్మమని నేను ఒప్పుకోను. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం కూడా కొడుకుకూ కూతురికీ ఒకే బాధ్యత పెట్టింది. అధికారుల దగ్గరకు వెళ్లమని కాదు, మీరు అడిగేది దయాభిక్ష కాదని తెలియడానికే చెబుతున్నాను.

ఈ స్థితిలో అమ్మను ఇళ్లు మార్చి తిప్పితే ఆమె మరింత కంగారు పడుతుంది. అందువల్ల తమ్ముడినే నెలనెలా వచ్చి కొన్ని రోజులు ఉండమనండి, మిగిలిన రోజులకు ఆయా జీతం వాడినే ఇవ్వమనండి. మీ మరదలికి కబురు చెప్పి ఊరుకోకుండా, పండగ దాకా ఆగకుండా, ఈ వారంలోనే నేరుగా వాడితోనే మాట్లాడండి.