ముందు నీ నోట్‌బుక్కు

పర్లాకిమిడి,
ఆదివారం

తల్లీ,

నువ్వు పంపిన కవరు గురువారం అందింది. అందులో హామ్ రేడియోతో, అంటే లైసెన్సు తీసుకుని సరదాకి నడిపే రేడియోతో, ఉపగ్రహాల్ని వినడం మీద నువ్వు రాసిన పన్నెండు పేజీల వ్యాసం, దానితోపాటు "వీలైతే ఇదీ చూడండి మాస్టారూ" అంటూ జతచేసిన పాత నోట్‌బుక్కు. వ్యాసం ఒకసారి చదివాను. నోట్‌బుక్కు మూడుసార్లు చదివాను. ఎందుకలా జరిగిందో చెప్పడానికే ఈ ఉత్తరం.

నీ వ్యాసం "అనంత విశ్వంలో మానవుని అన్వేషణ" అని మొదలైంది. మొదటి మూడు పేజీల్లో నువ్వు ఎక్కడా కనపడవు. సంకేత స్వీకరణ, ప్రసార సామర్థ్యం, దిశానిర్దేశక యాంటెనా అనే మాటలు బారులు తీరి ఉన్నాయి. నోట్‌బుక్కు మొదటి పేజీలో మాత్రం ఇలా ఉంది: "స్టీలు టేపు ముక్కలు చేశాను. అమ్మ కత్తెర పోయింది. సోల్డరు అతుక్కోవడం లేదు. టేపు మీది పసుపు రంగు బ్లేడుతో గీకాక అతుక్కుంది." ఈ నాలుగు వాక్యాలూ చదవగానే గుణుపూర్‌లో మీ డాబా, ఆ టేపు ముక్కలు బిగించి యాంటెనా చేసిన పీవీసీ పైపు, నల్లగా మసిబారిన నీ వేళ్ళు అన్నీ నా కళ్ళ ముందుకొచ్చాయి. రేపు ఇంకో ఊళ్ళో ఇంకో పిల్ల ఇదే టేపు కొని, సోల్డరు అంటక ఏడుపు మొహంతో కూర్చుంటుంది. ఆ పిల్లకి కావలసిన వాక్యం నీ నోట్‌బుక్కులో ఉంది, వ్యాసంలో లేదు. వ్యాసం అక్కడి నుంచి మొదలుపెట్టు.

నీ తెలుగు గురించి భయపడ్డావు. ఒడియా మీడియంలో చదివాను, ఒత్తులు తప్పు పోతాయి అని రాశావు. నోట్‌బుక్కులో తేదీలన్నీ ఒడియా అంకెల్లోనే వేశావు, చూశాను. తల్లీ, ఒత్తులు నేను దిద్దుతాను. మాట మాత్రం నీదే కావాలి. నేనుంటున్న ఈ ఊళ్ళోనే గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పారు. జనం మాట్లాడే తెలుగులోనే రాయాలని పట్టుబట్టిన మనిషి. సవరల మాట నేర్చుకుని, దానికి నిఘంటువు తయారుచేశారు. మన సరిహద్దు మనుషులకి ఆయన ఇచ్చిన ధైర్యం చిన్నది కాదు. "పాస్" అని నోట్‌బుక్కులో రాసుకున్నదాన్ని వ్యాసంలో "ఉపగ్రహ సంచార సమయం" అని మార్చావు. మార్చకు. ఉపగ్రహం ఒకసారి మన నెత్తిమీదుగా దాటిపోవడాన్ని పాస్ అనే రాయి. డాబా మీద నువ్వు దాన్ని అలాగే పిలుస్తావు.

ఇక అసలు విషయానికొస్తాను. నీ వ్యాసంలో అన్నీ గెలుపులే ఉన్నాయి. నోట్‌బుక్కులో వరసగా ఐదు వారాలు "ఎస్‌ఓ-50. ఏమీ లేదు" అని ఉంది. ఆ ఐదు వారాల్నీ వ్యాసంలోంచి తీసేశావు. నాకు బాధేసింది. ఆ హామ్ ఉపగ్రహం 2002 డిసెంబరులో ఎగిరింది. 145.850 మెగాహెర్ట్‌జ్ మీద మనం మాట్లాడితే 436.795 మీద తిరిగి వినిపిస్తుంది. 67 హెర్ట్‌జ్ టోను అనే నిలకడైన మంద్ర శబ్దం జతచేయకపోతే మన గొంతుని పట్టించుకోదు. అంతకుముందే ఎవరో ఒకరు 74.4 హెర్ట్‌జ్ టోను పంపి దాన్ని నిద్ర లేపాలి, లేపినా పది నిమిషాలే మేలుకుని ఉంటుంది. ఇవి నీకిప్పుడు కంఠతా వచ్చు. కానీ ఎలా వచ్చాయి? లైసెన్సు చేతికొచ్చిన ఉత్సాహంలో వీయూ3తో మొదలయ్యే నీ కాల్‌సైన్, అంటే లైసెన్సుతో వచ్చిన రేడియో పేరు, పదేపదే చెప్పి, ఒక్క జవాబూ రాక, సెట్టు పాడైందేమోనని టెన్షన్ పడి, చివరికి మెనూలో టోను అసలు ఆన్‌లోనే లేదని చూసుకున్న సాయంత్రం వచ్చాయి. ఆ సాయంత్రం పేజీలో పెన్ను ఎంత గట్టిగా నొక్కావంటే వెనక పేజీ మీద కూడా అచ్చు పడింది. దాన్ని వ్యాసంలో పెట్టు. చదివేవాళ్ళు 67 అన్న అంకెని ఇక మరిచిపోరు.

డాప్లర్ గురించి, అంటే ఉపగ్రహం వేగం వల్ల దాని ఫ్రీక్వెన్సీ జరగడం గురించి, ఒకటిన్నర పేజీ రాశావు, సూత్రంతో సహా. సూత్రం ఏ పాఠ్యపుస్తకంలోనైనా దొరుకుతుంది. నీ వేళ్ళు చేసిన పని దొరకదు. 436.805, 800, 795, 790, 785 అని ఐదు మెమరీ చానళ్ళు పెట్టుకున్నావు. ఉపగ్రహం దగ్గరికొస్తున్నప్పుడు పైనున్న అంకె మీద మొదలుపెట్టి, గొంతు గరగరలాడిన ప్రతిసారీ ఒక్కో మెట్టు దిగావు. చీకట్లో డిస్‌ప్లే చూడకుండా నాబ్ క్లిక్కులు లెక్కపెట్టుకుంటూ, కుడిచేత్తో యాంటెనాని కొండల మీది నుంచి నడినెత్తికి, అక్కణ్ణుంచి వంశధార వైపుకి తిప్పుతూ. ఇరవై కిలోహెర్ట్‌జ్‌ల తేడా అంటే ఏమిటో పాఠకుడి చేతికి అలా అందించు. సూత్రం ఒక్క వాక్యంలో చెబితే చాలు.

నోట్‌బుక్కులో నాకు అన్నిటికన్నా నచ్చింది అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి బొమ్మ దించిన రాత్రి. 145.800 మీద బొమ్మని శబ్దంగా మార్చి పంపే ఆ కీచుమనే రాగం, ఫోనుని సెట్టు స్పీకరుకి ఆనించి పట్టుకోవడం, తెర మీద పైనుంచి ఒక్కో గీతా పరుచుకుంటూ రావడం. బొమ్మ పూర్తికావడానికి రెండు నిమిషాలు పడుతుంది. నీకు సగం బొమ్మ వచ్చింది. మిగతా సగం ఎందుకు రాలేదో కూడా రాశావు: పక్కింటివాళ్ళు నీళ్ళ మోటారు వేశారు. గీతలు ఒక్కసారిగా ఇసుక చల్లినట్టు అయిపోయాయి. వ్యాసంలో ఈ సగం బొమ్మకి చోటివ్వకుండా, తర్వాత వచ్చిన నిండు బొమ్మనే పెట్టావు. నన్నడిగితే సగం బొమ్మే ముందుండాలి, మోటారుతో సహా.

నోట్‌బుక్కుకి ఇంత విలువ ఎందుకిస్తున్నానో చెబుతాను. మొదటి హామ్ ఉపగ్రహం ఆస్కార్-1 1961 డిసెంబరు 12న ఎగిరింది. వేరే ఉపగ్రహాన్ని మోసుకెళ్ళే రాకెట్‌లో బరువు సరిచేయడానికి పెట్టే దిమ్మ స్థానంలో కూర్చుంది. ఐదు కిలోలు కూడా లేదు. దానికి తెలిసినదల్లా మోర్స్‌లో "హెచ్ఐ" అనడమే, నాలుగు చుక్కలు, రెండు చుక్కలు. లోపలి వేడిని బట్టి ఆ చుక్కల వేగం మారేది. 28 దేశాల నుంచి 570 మందికి పైగా హామ్‌లు తాము విన్నది రాసి పంపారు. వాచీ పట్టుకుని చుక్కలు లెక్కపెట్టి, ఏ రోజు ఏ టైముకి ఎంత వేగంగా వినపడిందో రాసిన చీటీలవి. ఉపగ్రహం లోపల ఎంత వేడిగా ఉందో వాటి వల్లే తెలిసింది. నీ నోట్‌బుక్కు ఆ చీటీల వంశంలోది. అందుకే తేదీ, టైము ఎప్పుడూ వదలకు. నువ్వు సరదాగా దించుకున్న, అమెరికా వాతావరణ ఉపగ్రహాలైన నోవాల బొమ్మలున్నాయి కదా, ఆ పాత ఉపగ్రహాలు మూడూ 2025 ఆగస్టు నాటికి ఆగిపోయాయి. బంగాళాఖాతం మీది మబ్బుల్ని వాటి గొంతులో ఇక ఎవరూ వినలేరు. నీ బొమ్మల కింద తేదీలు లేవు. గుర్తున్నంత వరకూ ఇప్పుడే వేసిపెట్టు.

వినని దాన్ని విన్నట్టు రాయకు. ఏఓ-7 అనే పాత హామ్ ఉపగ్రహం కథ చాలా బావుంటుంది, ఒప్పుకుంటాను. 1974లో ఎగిరి, 1981లో బ్యాటరీలు చెడి మూగబోయి, 2002 జూన్‌లో మళ్ళీ పలికింది. ఇప్పుడు ఎండ తగిలినంతసేపే పనిచేస్తుంది, భూమి నీడలోకి వెళ్తే ఆగిపోతుంది. నీ వ్యాసంలో దాని మీద ఒక పేజీ ఉంది. నోట్‌బుక్కులో మాత్రం దాని పేరే లేదు. ముందు విను, తర్వాత రాయి.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2005 మే 5న శ్రీహరికోట నుంచి మన దేశపు హామ్ ఉపగ్రహం హామ్‌శాట్ ఎగిరినప్పుడు నేనూ ఒక పత్రికకి వ్యాసం రాశాను. వినకుండానే రాశాను. "మన నెత్తిమీద నిలిచి పలుకుతుంది" అని ఒక వాక్యం అందంగా వచ్చిందని ఉంచేశాను. రెండు వారాలకి ఒక పోస్టుకార్డు వచ్చింది. ఆ పెద్దమనిషి నా మాట నమ్మి, యాంటెనాని నిలువునా ఆకాశానికి పెట్టి రెండు రాత్రులు కూర్చున్నాడట. ఉపగ్రహం అలా నిలబడదని, దాన్ని వెంటాడుతూ తిరగాలని, ఒక్కసారికి దొరికేది పదో పదిహేనో నిమిషాలేనని నేను రాసి ఉండాల్సింది. ఆ కార్డు ఇప్పటికీ నా సొరుగులో ఉంది. రెండేళ్ళు బతుకుతుందనుకున్న హామ్‌శాట్ 2014 జులై దాకా పనిచేసింది. ఆ తొమ్మిదేళ్ళలో దాన్ని ఎన్నోసార్లు విన్నాను, విన్నప్పుడల్లా ఆ కార్డు గుర్తొచ్చేది.

తుఫాను పేరా కూడా తీసెయ్యి, లేదా తిరగరాయి. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు కరెంటు లేక, ఫోను లేక మనం ఎలా ఉన్నామో నీకూ గుర్తుంది, నాకూ గుర్తుంది. అలాంటప్పుడు హామ్‌లు చేసే సాయం పెద్దదే. కానీ పది నిమిషాల్లో కొండ దాటిపోయే ఉపగ్రహం వేరు, ఉపగ్రహం లేకుండానే దూరాలకి పలుకుతూ రాత్రంతా నడిచే మామూలు హెచ్ఎఫ్ సెట్టు వేరు. రెండింటినీ కలిపేశావు. ఆ రాత్రి ఇంట్లో మీరేం చేశారో రాస్తే చాలు.

వ్యాసంలో అసలు లేనిది ఇంకొకటుంది. నీ మొదటి కాంటాక్టులో అవతలివాళ్ళు నిన్ను ఏ రాష్ట్రమని అడగలేదు, గ్రిడ్ అడిగారు, అంటే భూమిని గళ్ళుగా విడదీసి హామ్‌లు వాడే గడి నంబరు. "నవంబర్ కిలో వన్ నైన్" అన్నావు. గుణుపూర్ ఎన్‌కే19, పర్లాకిమిడి ఎన్‌కే28. నీకూ నాకూ మధ్య 84వ రేఖాంశం పోతోంది, ఆ లెక్కన మనం వేరే గళ్ళల్లో ఉన్నాం. చిన్నప్పటి నుంచి "మీరు ఆంధ్రావాళ్ళా, ఒడిశావాళ్ళా" అన్న ప్రశ్న వింటూ పెరిగిన మనకి ఆ అడగడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. నోట్‌బుక్కులో ఆ గ్రిడ్ నంబరు కింద రెండు గీతలు గీశావు. ఎందుకు గీశావో రాయి. నీ వ్యాసానికి నడుము అదే అవుతుందని నాకనిపిస్తోంది.

పన్నెండు పేజీలు ఏడుకి తగ్గితే కంగారు పడకు. నోట్‌బుక్కు పోస్టులో పంపను, పోతే మళ్ళీ రాదు. గుణుపూర్ రైలెక్కి నేనే తెస్తాను. ఏఓ-7 ఎండలో ఉండగా మీ డాబా మీదుగా వెళ్ళే సాయంత్రం ఏదో చూసి నాకు చెప్పు. కొత్త పేజీ మీద తేదీ వేసి పెట్టు, ఒడియా అంకెల్లోనే.

ఆశీస్సులతో,
మాస్టారు