తొమ్మిదో అధ్యాయం దగ్గర ఆగిన అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం వచ్చి వారం దాటింది. పంపిన తొమ్మిది అధ్యాయాలూ రెండుసార్లు చదివాను, అందుకే ఆలస్యం. మూడు నెలలుగా ఫైలు తెరవలేదని, ఉత్సాహం ఇంకిపోయిందని, అసలు నీలో రచయిత్రి ఉందో లేదోనని రాశావు. ఆ చివరి సందేహాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టు. నా నాలుగు నవలల్లోనూ సరిగ్గా సగం దగ్గర నాకూ అదే సందేహం వచ్చింది. అయిదోది ఆ సందేహంతోనే 140వ పేజీలో ఆగి, ఇప్పటికీ ట్రంకు పెట్టెలో పడి ఉంది.

మొదటి అధ్యాయాలు రాయడం పెళ్ళి సందడి. పందిరి విప్పి, చుట్టాలను బస్సెక్కించాక కాపురం మొదలవుతుంది. నువ్విప్పుడు అక్కడ ఉన్నావు. కథ తట్టిన రోజు మెరుపు ఎప్పుడో పోయింది, ముగింపు కనుచూపు మేరలో లేదు, ఇంట్లో మిగిలింది నువ్వూ నీ పాత్రలూ అంట్లగిన్నెలూ.

వేయిపడగలు 29 రోజుల్లో పూర్తయిన కథ నీకూ ఎవరో చెప్పే ఉంటారు. విశ్వనాథ వారు ఆశువుగా చెబుతూ పోతే తమ్ముడు రాసిపెట్టారని. రాయడం మొదలుపెట్టిన ప్రతివారికీ ఈ కథ చెప్పి భయపెట్టడం మన దగ్గర ఆనవాయితీ. ఆ 29 రోజుల వెనక ఆయన చదివిన ఏళ్ళను, మనసులో మోసిన ఏళ్ళను మాత్రం ఎవరూ లెక్కపెట్టరు.

సెలవు పెట్టి రాస్తానన్నావు. వద్దు. నేను బడిపంతులమ్మను కదా, ఒక వేసవి సెలవులు మొత్తం నవలకే అని ప్రతిజ్ఞ చేశాను. ఏప్రిల్ చివర మామిడికాయలు వచ్చాయి. ఆవకాయ కలిపే లోపల ఆడపడుచు పిల్లలు వచ్చారు. వాళ్ళు వెళ్ళాక మంచి ఎండ. ఆ సెలవులన్నిటికీ కలిపి నేను రాసింది 11 పేజీలు. బడి తెరిచాక, అటెండెన్సు తీసుకునే ముందు రోజూ దొరికే ఇరవై నిమిషాల్లో అంతకంటే ఎక్కువ రాశాను. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు మాలపల్లిని వెల్లూరు జైల్లో రాశారు, ఖాళీ ఉంటే ఎందుకు రాయలేమని ఒక స్నేహితురాలు నాతో వాదించింది. జైలుకు ఆడపడుచు పిల్లలు రారమ్మా అన్నాను.

మా వంటింట్లో వెంకట్రామా క్యాలెండర్ ఉండేది. పాలు రాని రోజు అంకె మీద ఇంటూ పెట్టేదాన్ని, నెలాఖరు లెక్క కోసం. ఒక జనవరిలో ఏమనిపించిందో, రాసిన రోజున అదే గడిలో ఓ మూల ఎర్ర చుక్క పెట్టడం మొదలుపెట్టాను. నెల తిరిగేసరికి ఇంటూలు రెండు, ఎర్ర చుక్కలు పన్నెండు. అంటే పాలు రాని రోజులు రెండు, నేను రాని రోజులు పందొమ్మిది. పాలబ్బాయికి జ్వరాలు రావా, ఇంట్లో గొడవలు ఉండవా, వానలో సైకిలు జారదా? ఆ కాగితం ముందు నిలబడి నిజంగా సిగ్గుపడ్డాను. ఫిబ్రవరిలో చుక్కలు పంతొమ్మిది.

లెక్క చాలా చిన్నది. రోజుకు 200 మాటలు, వారానికి అయిదు రోజులు, అంటే 1,000. ఏడాదికి 52,000. అచ్చులో రెండు వందల పేజీలు దాటే నవల అది. నువ్వేమో రోజుకు 1,500 అని పెట్టుకుని, నాలుగు రోజులు రాసి, అయిదో రోజున తప్పి, ఆ బాకీ కలిపి ఆరో రోజుకు 3,000 చేసుకున్నావు. వడ్డీ వ్యాపారి కూడా ఇంత కర్కశంగా ఉండడు. తప్పిన రోజును తప్పినట్టే వదిలెయ్యి.

ఏ వేళ రాయాలన్నావు. రాత్రి పదింటికి హాస్టలు చేరేదానివి, బ్రాహ్మీ ముహూర్తం అని నేను చెప్పను. ఏ వేళైనా సరే, రోజూ అదే వేళ. ఇంగ్లండులో ట్రాలప్ అని ఒక నవలాకారుడు ఉండేవాడు. తపాలా శాఖలో ఉద్యోగం చేస్తూ, పొద్దున్న అయిదున్నరకు బల్ల ముందు కూర్చుని, గడియారం ఎదురుగా పెట్టుకుని పావుగంటకు 250 మాటలు రాసేవాడు. చచ్చిపోయిన మరుసటి ఏడు, 1883లో, ఆత్మకథ అచ్చయి ఈ సంగతి బయటపడితే, ఇది రచనా గుమాస్తాగిరీనా అని చాలామంది ముఖం చిట్లించారు. ఆ వేగం మనకు పనికిరాదు, నాకైతే అస్సలు పనికిరాదు. నాకు నచ్చింది వేరే. తెల్లవారుజామున కాఫీ ఇచ్చి లేపడానికి ఒక ముసలి నౌకరుకు ఏడాదికి 5 పౌన్లు అదనంగా ఇచ్చేవాడట. తన విజయానికి అందరికంటే ఎక్కువ అతనికే రుణపడి ఉన్నానేమోనని రాసుకున్నాడు. అంతటివాడు కూడా తనను తాను నమ్మలేదు! నువ్వెందుకు నమ్ముతావు? మీ హాస్టల్లో నువ్వు పెట్టుకున్న వేళకు మెలకువగా ఉండే పిల్ల ఎవరైనా ఉంటే తలుపు కొట్టమను. ఫోను ఆమె గదిలోనే పెట్టి రా.

ఇక నీకు నిజంగా చెప్పాలనుకున్న మాట. మా నాన్న మంగళగిరిలో నేతపని చేసేవారు. మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోయినప్పుడు పోగుల్ని పూర్తిగా లాగెయ్యరు. అచ్చులో, అంటే పోగుల్ని విడదీసే దువ్వెన లాంటి పలకలో, గుచ్చుకుని ఉండగానే కొసలు కొంత వదిలి బట్ట కోస్తారు. కొత్త పడుగు వచ్చాక, వేళ్ళకు కాస్త బూడిద అద్దుకుని, పాత కొసకు కొత్త కొస మెలిపెట్టి ఒక్కో పోగూ అతుకుతారు. కొసలు వదలకపోతే ప్రతి పోగునూ మళ్ళీ మొదటినుంచి అచ్చులోకి ఎక్కించుకోవాలి. అదెంత చాకిరీయో అమ్మను అడిగితే చెప్పేది.

నువ్వు ప్రతి అధ్యాయాన్నీ నున్నగా ముగించి లేస్తున్నావు. అందుకే మర్నాడు ఎక్కడ పట్టుకోవాలో తెలియడం లేదు. ఇంకో నాలుగు వాక్యాలు చేతిలో ఉండగానే ఆపాలి. నా రెండో నవలలో ఒక రోజు రాత "ముసలావిడ గొళ్ళెం తీసింది. బయట" దగ్గర ఆగింది. బయట ఎవరున్నారో నాకు తెలుసు. బడిలో ఏడో తరగతికి భిన్నాలు చెబుతూ కూడా ఆ గుమ్మంలోనే ఉన్నాను. మర్నాడు కూర్చోగానే చెయ్యి దానంతటదే కదిలింది.

మూడు నెలల విరామం తర్వాత అలాంటి కొస నీకు ఉండదు కనుక, ఆఖరి పేజీని చేత్తో ఎత్తి రాయి. మా అత్తగారు 22 రోజులు ఆసుపత్రిలో ఉండి ఇంటికి వచ్చాక నేను అలాగే చేశాను. సగం పేజీ రాసేసరికి ఆ గొంతు మళ్ళీ చెవిన పడింది. మొదటి అధ్యాయం జోలికి మాత్రం పోకు. నువ్వు దాన్ని ఆరుసార్లు తిరగరాశానని గర్వంగా చెప్పావు. నేను పద్నాలుగుసార్లు రాశాను, ట్రంకు పెట్టెలో ఉన్నదానికి. మార్చాలనిపించినవి వేరే కాగితం మీద రాసుకుని, మార్చేసినట్టే అనుకుని ముందుకు వెళ్ళు.

ఇంకొకటి. ఈ నవల కథ ఇప్పటికి ఎంతమందికి చెప్పావు? వినేవాళ్ళు ఆహా అన్నాక రాసే తీట తీరిపోతుంది.

పాలు పొంగుతున్నట్టున్నాయి, ఆపుతాను. నీ తొమ్మిదో అధ్యాయం చివర రైలు దిగిన కుర్రాడు ఊరికి వచ్చేసరికి వాళ్ళ నాన్న ఇంటికి తాళం ఉంది. తాళంచెవి ఎవరి దగ్గర ఉందో తెలుసుకోవాలని వారం నుంచి ప్రాణం కొట్టుకుంటోంది. ఫోను చేసి చెప్పవద్దు. రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ టీచరమ్మ